పాస్ అయినదాన్ని మళ్లీ కొలవరు

“ఒక్కసారి గేజు పెట్టి సూడు భాయ్. పెట్టి సూస్తె నీదేం పోతది?”

“పాస్ అయినదానికి మల్ల గేజు పెట్టరక్కా. ఎన్నిసార్లు చెప్పాలె?”

“ఎవరు పాస్ చేసిండ్రు?”

“నేనే చేసిన.”

“చేసింది నువ్వే, పాస్ అన్నది నువ్వే. మంచిగుంది నీ పంచాయితి. ఇంట్ల దొంగతనమైతే వాడకట్టంత సోదా చేస్తవు గని నీ అర్ర తలుపు మాత్రం తియ్యనంటవు.”

“సామాన్ల తప్పుంది. ఫ్రేముల లేదు.”

“సామాన్లన్ని మార్చిండు గదా ఆ సారు. ఇగ మార్చనీకి ఏం మిగిలింది? నువ్వొక్కనివి మిగిలినవు.”

భాయ్ స్టాండు మీదికి ఎక్కించిన సైకిలు పెడలును చేత్తో మెల్లగా తిప్పాడు. చైను టకటకమంటూ పెద్ద చక్రం పన్ను ఒకటి పట్టుకోబోయి, పట్టు దొరక్క మళ్లీ కిందికి జారింది. ఆ చప్పుడు నేను చలికాలం మొదలైనప్పటి నుంచి వింటూనే ఉన్నాను. వంటింట్లో పప్పు ఉడికే చప్పుడులో కూడా విడిగా తెలిసేది.

అది ఒక ఆదివారం సాయంత్రం. చిట్కుల్‌లో మా ఇంటికి రోడ్డు వైపున ఒక షట్టరు ఉంది, దాని వెనక చిన్న అర్ర ఉంది. రెండూ ఆయనే కిరాయికి తీసుకున్నాడు. ముందర పని, వెనక పడక.

ఇప్పుడు ఆయన లేడు. మొన్న తెల్లాపూర్ నుంచి ఎవరో హిందీ మాట్లాడే సెక్యూరిటీ మనిషి ఫోన్ చేశాడు. ఆయన ఫోనులో నా నంబరు ‘అక్క ఇల్లు’ అని ఉందట. పొద్దున డ్యూటీ మారే వేళకు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే ఉన్నాడట. కునుకు తీస్తున్నాడనుకుని కాసేపు లేపలేదట. సంగారెడ్డిలో ఆయన కూతురికి చెప్పామన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ఆ గేట్ల దగ్గర అందరూ ఒకే నీలం చొక్కాలు వేసుకుని ఉంటారు, ఎవరిని చూసి ఎవరనుకున్నారో. వచ్చీరాని హిందీలో, ఆయన కూర్చున్న కుర్చీ ఎట్లా ఉందో చూసి చెప్పమన్నాను. ఆ మనిషికి నా ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగితే వంగి చూసినట్టున్నాడు, ఒక కాలు కింద మడిచిన అట్టముక్క ఉందని చెప్పాడు. అయితే ఆయనే.

ఊగే కుర్చీలో ఆయన కూర్చోలేడు. మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజే ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, కూర్చోకముందే రెండు చేతులతో పట్టుకుని కదిపి చూశాడు. జేబులోంచి బీడీ కట్ట కాగితం తీసి మడిచి కాలు కింద పెట్టాడు. బీడీలు తాగే మనిషి కాదు, కాగితం కోసం ఉంచుకునేవాడు. అప్పుడు కూర్చుని చాయ్ తాగాడు.

అందరూ భాయ్ అనేవారు, నేనూ అదే అన్నాను. పేరు పెట్టి పిలిచింది ఫ్యాక్టరీలోనే. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ అది. ఇప్పుడు గేటుకు తాళం ఉంది, లోపల సర్కారు తుమ్మ మొలిచింది. అక్కడ ఆయనది ఏదీ తయారుచేసే పని కాదు. మిషన్ల మీద తయారై వచ్చిన ఇనుప సామానును కొలిచే పని. బల్లకు ఒక పక్క ఆకుపచ్చ రంగు డబ్బా, ఇంకో పక్క ఎర్ర రంగు డబ్బా. గేజులో, అంటే కొలిచే అచ్చులో, సరిగ్గా కూర్చున్నదానికి ఆకుపచ్చ చుక్క, కూర్చోనిదానికి ఎర్రగీత. ఎర్రగీత పడినదాన్ని కరిగించడానికి పంపేవారు. ఆకుపచ్చ చుక్క పడినదాన్ని ఇక ఎవరు చెప్పినా మళ్లీ గేజుకు ఎక్కించేవాడు కాదు.

ఎందుకని ఒకసారి అడిగాను. “మల్ల కొలుస్తడని తెలిస్తె ఫోర్మన్ పొద్దుమాపు నా బల్ల మీదనే కూసుంటడక్కా. పాస్ అయింది మల్ల కొలువు, రిజెక్ట్ అయింది మల్ల కొలువు అంటడు. ఇగ నా మాటకు ఇజ్జత్ ఏడుంటది?” అన్నాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు తన సామాను తీసుకుపొమ్మంటే, ఆ రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని వచ్చాడు. వేరే వాళ్లు ఫ్యాన్లు తీసుకుపోయారట.

షట్టరు చూడటానికి వచ్చినప్పుడు జేబులోంచి ఒక ఉక్కు గోలీ తీసి బండ మీద పెట్టాడు. అది మెల్లగా దొర్లుకుంటూ పోయి గుమ్మం పక్క ఆగింది. “ఫర్షు రిజెక్ట్ అక్కా” అన్నాడు నవ్వకుండా. నాకు మండింది. కడిగితే నీళ్లు పోవాలని వాలు పెట్టించాను, ఇష్టం లేకపోతే ఇస్నాపూర్‌లో బోలెడు షట్టర్లున్నాయి పొమ్మన్నాను. ఆయన గోలీ తీసుకుని, ఒక కన్ను మూసి నేల పొడుగునా చూశాడు. “కావాలని పెట్టిన వాలు అయితె పాస్” అన్నాడు. అంతే. తర్వాత ఒక వానాకాలం గుమ్మం కింద నుంచి లోపలికి నీళ్లొచ్చి ఆయన సామానంతా తడిసింది. నేను పోయి చూస్తే చీపురుతో నీళ్లు బయటికి నెడుతున్నాడు. ఫర్షు సంగతి ఎత్తలేదు. పాస్ చేశాడు కదా.

రొట్టె సంగతీ అంతే. ఒంటి మనిషి, హోటల్ తిండి తిని కడుపు పాడు చేసుకుంటాడని నేనే జొన్నరొట్టె పంపేదాన్ని. మొదటి రొట్టెను రెండు చేతుల్లో పట్టుకుని గుండ్రంగా తిప్పాడు. అంచు మీద బొటనవేలి గోరు ఆనించి ఒక చుట్టు చుట్టాడు. అప్పుడు “పాస్” అన్నాడు. నేను పెళ్లయిన నాటి నుంచి రొట్టెలు కొడుతున్నదాన్ని, ఈయన ఎవరు నాకు పాస్ ఇవ్వడానికి అనుకున్నాను. తర్వాత ఒకసారి జ్వరంతో చేసిన రొట్టె ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా ఉండిపోయింది. పారెయ్యడానికి మనసొప్పక అదే పంపాను. గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది. ఎట్లా తిన్నావని అడిగితే, “పోయినేడే పాస్ చేసిన గదక్కా” అన్నాడు.

ఏ వస్తువునైనా ముట్టుకునే ముందు నోటితో ఊదేవాడు, దుమ్ము లేకపోయినా. చాయ్ గ్లాసును కూడా ఊదేవాడు. గాజు తలుపులున్న కిటికీని చూస్తే ఒక కన్ను మూసేవాడు. ఎదురింటి వాళ్లు కట్టుకున్న కొత్త గోడను చూసి ‘రిజెక్ట్’ అన్నాడు, టీవీలో వార్తలు చదివే మనిషి టై చూసి ‘రిజెక్ట్’ అన్నాడు, నా కొడుకు కొన్న ఫ్రిజ్‌ను చూసి ఏమీ అనకుండా కాలు కింద అట్ట పెట్టాడు. ఇవన్నీ నోటి మాటలు. ఎర్ర డబ్బా మాత్రం మా ఇంట్లో మూత తియ్యలేదు. ఆకుపచ్చది అప్పుడప్పుడు తీసేవాడు, తాను చేసిన కిటికీ గ్రిల్లుకో, ఎవరి తోపుడు బండికో ఒక చుక్క పెట్టడానికి. ఎర్రది ఎందుకు తియ్యవంటే, “నోటితో అన్నది గాలికి పోతదక్కా. గీత పెడితె ఇగ ఖతం. మల్ల అప్పీలు లేదు” అన్నాడు.

ఆయన బేగం సంగారెడ్డిలో కూతురి దగ్గర ఉండేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ గడవక వెళ్లింది. పండుగకు పోయి వచ్చేవాడు. అల్లుడి ఇంట్లో భార్య అన్నం తింటున్నదని ఆయనకు గొంతులో ముల్లులా ఉండేది. దాని గురించి మాట్లాడేవాడు కాదు గానీ, సంగారెడ్డి పోయి వచ్చిన రోజు రొట్టె వద్దనేవాడు.

వెల్డింగు ఆయన చూసి నేర్చుకున్నదే. గ్రిల్లులు, గేట్లు, సైకిలు క్యారియర్లు చేసేవాడు. పని వచ్చేది, పోయేది. బేగం తరఫు బంధువు ఒకడు అపార్టుమెంట్లకు కాపలా మనుషులను పెట్టే ఠేకేదారు. వాడు వచ్చి ఒక నీలం చొక్కా, నీలం ప్యాంటు కవర్లో పెట్టి ఇచ్చిపోయాడు. “ఎప్పుడు మనసైతే అప్పుడు రా మామూ” అన్నాడు. భాయ్ ఆ కవరును విప్పకుండా షట్టర్లో మేకుకు తగిలించాడు. విప్పనూ లేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

అటువంటి వేళ తెల్లాపూర్ సారు వచ్చాడు. పెద్ద పెద్ద మేడలున్న చోట ఉంటాడు, కంప్యూటర్ ఉద్యోగం. కొంగ లాగా పొడుగు మనిషి. శనాదివారాలు స్నేహితులతో కలిసి సైకిళ్ల మీద మట్టి దారులు, కంకర దారులు పట్టుకుని తిరుగుతారు. అట్లా తిరుగుతూ మా రోడ్డు మీద టైరు పోయి షట్టరు దగ్గర ఆగాడు. భాయ్ తన కోసం చేసుకున్న సైకిలు గోడకు ఆనించి ఉంటే చూశాడు. అతుకులు చేత్తో తడిమాడు. తన పొడుగుకు షాపుల్లో సైకిలు దొరకదని, దొరికినా మోకాళ్లు చెవులకు తగులుతాయని, తన కొలతలకు ఒక ఫ్రేము చేసి పెడతావా అని అడిగాడు. దాన్ని గ్రావెల్ సైకిలు అంటారట. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల లాగా కిందికి వంగి ఉంటుంది, టైర్లు లావు, వెనక పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టినట్టు ఉంటాయి.

ఇది కుదిరితే తన స్నేహితుల్లో ఇంకా కొందరు చేయించుకుంటారన్నాడు సారు. ఆ రోజు భాయ్ మా గడప దగ్గరికి వచ్చి నిలబడి, “అక్కా, ఈ ఒక్క సైకిల్ పాస్ అయితె బేగంను పిల్చుకుంట” అన్నాడు. కాకపోతే ఏమిటన్నది నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మేకుకు వేలాడుతున్న కవరు ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

ఉక్కు గొట్టాలు తెచ్చాడు. కోశాడు, ఆకురాయితో రాకాడు, మూలలు కలిపాడు. ముందు అన్ని చోట్లా చిన్న చిన్న చుక్కలుగా అతికించి నిలబెట్టాడు. వెనక చక్రం పక్కన, చైనును ఒక చక్రం మీది నుంచి ఇంకో చక్రం మీదికి నెట్టే ఇనుప చెయ్యి ఒకటి వేలాడాలి. అది వేలాడే కొక్కెం చక్రానికి సరిసమానంగా ఉండాలట, వెంట్రుక మందం వంకర పోకూడదట. దానికోసం ఒక గేజు తానే చేసుకున్నాడు. కొక్కెం రంధ్రంలో బిగించి తిప్పితే, దాని ముల్లు చక్రం అంచు పొడుగునా చుట్టి వస్తుంది. పైనా కిందా ముందూ వెనకా ఒకే సందు ఉండాలి. ఆయన తయారుచేసిన వస్తువులన్నిటిలో నాకు అందంగా కనిపించింది ఆ గేజే. పాత బనీను గుడ్డలో చుట్టి పెట్టేవాడు.

గేజు తిప్పుతూ నన్ను పిలిచాడు. ముల్లు నాలుగు దిక్కులా ఒకే విధంగా ఆగింది. ఆకుపచ్చ డబ్బా మూత తీసి కొక్కెం పక్కన ఒక చుక్క పెట్టాడు. “పాస్” అన్నాడు. అప్పుడు ఆయన ముఖం చూస్తే ఈయనకు కూడా చిన్నతనం ఉండి ఉంటుంది అనిపించింది.

పూర్తి వెల్డింగు ఆ తర్వాత చేశాడు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు ఉండదని చెప్పారు. అటు కొంచెం ఇటు కొంచెం, ఆపి ఆపి చెయ్యాల్సిన పని. ఆయన చైను వైపు పక్కంతా ఒకే ఊపున అతికించాడు. వేడికి ఇనుము తన వైపు గుంజుకుంటుందని నాకు తెలియదు. ఆయనకు తెలుసు. ఫ్యాక్టరీలో వెల్డింగుకు వంగిన సామాను ఎంతో ఆయన బల్ల మీదికి వచ్చేది. అయితే అక్కడ ఆయన బల్ల అన్నిటికంటే చివర ఉండేది, ఆకుపచ్చ చుక్క తర్వాత ఇక పని ఉండేది కాదు. ఇక్కడ చుక్క ముందు పెట్టి పని తర్వాత చేశాడు. చేసినవాడూ కొలిచినవాడూ ఒక్కడే అయితే ఇట్లా అవుతుందని ఎవరు అనుకుంటారు.

ఆ ఫ్రేము ఇప్పుడు మా పెరట్లో ఉంది. ఇనుము పారేసేది కాదు కాబట్టి నిలబెట్టి బీరతీగ పాకించాను.

సారు సామాను తెచ్చి అన్నీ బిగించాక మొదటి రోజే గేర్లు పడలేదు. అప్పుడు తప్పు నిజంగానే సామానులో ఉంది. హ్యాండిలు మీది మీటలు తారు రోడ్డు సైకిళ్లవి, వెనక ఇనుప చెయ్యి కొండలెక్కే సైకిళ్లది. మీట ఒక్క నొక్కుకు తీగను ఎంత గుంజుతుందో, ఆ చెయ్యికి అంత సరిపోదు. అత్త గిద్దెడు పోస్తే కోడలికి సోలెడు కావాలన్నట్టు. భాయ్ తీగను కొలిచి, రెండూ ఒక ఖాందాను కాదని తేల్చాడు. సారు ఫోనులో చూసి, అవును, ఈ రెండూ కలవవని రాసి ఉంది, తానే చూసుకోకుండా కొన్నానని ఒప్పుకున్నాడు. మీటకు జోడైన ఇనుప చెయ్యి కొని తెచ్చాడు. తీగ గుంజుడు కుదిరింది. భాయ్ ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

ఆ మొదటిసారి ఆయన మాట నిజం కాకపోయి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎందుకంటే గేర్లు అప్పటికీ పూర్తిగా పడలేదు. చిన్న చక్రాల మీద సరిచేస్తే పెద్దవాటి మీద చైను ఎక్కేది కాదు. పెద్దవాటి మీద సరిచేస్తే చిన్నవాటి మీద టకటక. మధ్యలో సరిచేస్తే రెండు చివర్లా గొడవ. భాయ్ తీగ బిగించేవాడు, వదిలేవాడు, స్క్రూ పావు చుట్టు తిప్పేవాడు, మళ్లీ వెనక్కి తిప్పేవాడు. సామాను తప్పు అన్నాడు. సారు చైను మార్చాడు. పళ్ల చక్రాల దొంతర మార్చాడు. తీగ, తీగ మీది గొట్టం మార్చాడు. ఆఖరికి కొక్కెం కూడా కొత్తది తెచ్చాడు. వంకర గోడకు కొత్త మేకు కొట్టినట్టు, అదీ వంకర చోటే కూర్చుంది. ఆకుపచ్చ చుక్క దాని పక్కనే ఉంది. గేజు బనీను గుడ్డలో, మేకు మీద, నీలం బట్టల కవరు పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

సారు మంచివాడు. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. అరిచి ఉంటే భాయ్ కూడా అరిచి, కోపంలోనైనా గేజు తీసేవాడేమో. ఆ మనిషి వచ్చి, చాయ్ తాగి, నాకు నమస్కారం పెట్టి, వచ్చే వారం చూద్దాం భాయ్ అని పోయేవాడు. ఆ నమ్మకం భాయ్‌ను లోపల్లోపల తినేసింది. మనిషి చిక్కిపోయాడు. ఏ వస్తువునూ ఊదడం మానేశాడు. గోడలను చూసి రిజెక్ట్ అనడం మానేశాడు. నేను రొట్టె తీసుకుపోతే పెడలు తిప్పుతూ ఉండేవాడు. ఎక్కింది, జారింది. ఎక్కింది, జారింది.

నేను బడికి ఎక్కువ పోయినదాన్ని కాదు, సైకిలు తొక్కడం కూడా రాదు. కానీ ఇంట్లో ఉప్పు తక్కువైందో కారం ఎక్కువైందో తెలియనప్పుడు అన్నీ రుచి చూస్తాం, ఒక్క గిన్నె మాత్రం చూడనని పట్టుపట్టం. ఆ మాట రెండు మూడు సార్లు మెల్లగా చెప్పాను. ఆయన నవ్వి మళ్లీ పెడలు తిప్పాడు.

ఆ ఆదివారం సారు, ఆయన స్నేహితులు ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు సవారీ పెట్టుకున్నారు. భవానమ్మ గుడి దాటాక పొలాల మధ్య కంకర దారి ఉందట. కొత్త సైకిలును అందరూ చూస్తారన్నమాట. ముందు రోజు స్టాండు మీద గేర్లు దాదాపుగా పడ్డాయి. స్టాండు మీద మనిషి బరువు ఉండదు కదా. భాయ్ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని షట్టరు ముందు కూర్చున్నాడు. సంగారెడ్డికి ఫోన్ చేసి ఏదో మాట్లాడాడు. బేగంతోనే అనుకుంటాను, ఆయన గొంతు మెత్తగా ఉంది.

మధ్యాహ్నం దాటాక ఒక కారు వచ్చి ఆగింది. వెనక కట్టి ఉంది సైకిలు. సారు దిగాడు, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి రక్తం గడ్డకట్టి ఉంది. అరచేతుల నిండా కంకర గీతలు. ఎత్తు ఎక్కుతూ గేరు మారిస్తే చైను పెద్ద పళ్ల చక్రం దాటి చువ్వల్లో పడిందట, ఇనుప చెయ్యి కూడా దాని వెంట పోయి చువ్వల్లో ఇరుక్కుందట, చక్రం అక్కడికక్కడ ఆగిపోయిందట. స్నేహితులు ఇద్దరు వెంట వచ్చారు. వాళ్లు నవ్వలేదు. ఒకడు షట్టరు కప్పు వైపు చూశాడు, ఇంకొకడు ఫోను చూసుకున్నాడు. భాయ్ ముఖం మాత్రం ఎవరూ చూడలేదు.

సారు సైకిలును తానే దించి గోడకు ఆనించాడు. “ఏం కాలేదు భాయ్. సామాన్ల తప్పే అయ్యుంటుంది. నిదానంగా చూడండి, నాకు తొందరేం లేదు” అన్నాడు.

ఇన్ని రోజులూ భాయ్ చెప్పిన మాటనే సారు తిరిగి భాయ్ చేతిలో పెట్టి పోయాడు. కారు మలుపు తిరిగేదాకా భాయ్ నిలబడే ఉన్నాడు. గాయానికి పసుపు ఇద్దామని తెచ్చిన గిన్నెతో నేనూ నిలబడే ఉన్నాను.

సాయంత్రం ఆయన సైకిలును మళ్లీ స్టాండు మీదికి ఎక్కించి, చువ్వల్లో ఇరుక్కున్న ఇనుప చెయ్యిని విప్పి, చేతనైనంత సరిచేసి బిగించి, మళ్లీ పెడలు తిప్పడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు విని ఉండబట్టలేక నేను షట్టర్లోకి పోయాను. ముందు చెప్పిన గొడవ అప్పటిది.

నువ్వొక్కనివి మిగిలినవు అన్నాక పెడలు ఇంకో రెండు చుట్లు తిప్పాడు. తర్వాత చక్రం వైపే చూస్తూ అన్నాడు.

“ఎరికే అక్కా.”

“ఏం ఎరికె?”

“వెల్డింగు సల్లారినప్పుడే ఎరికైంది. వెనక నుంచి సూస్తె కన్ను చెప్పింది.”

 ఇన్ని వారాలు ఆ మనిషి చేత కొత్త కొత్త సామాను కొనిపిస్తూ ఎట్లా ఊరుకున్నావని అడిగాను.

“కన్ను చెప్తె రిజెక్ట్ కాదు. గేజు చెప్పాలె. గేజు పెట్టలే నేను.” మళ్లీ తానే, “గేజు పెడితె గేజు అబద్దం చెప్పదు గదా” అన్నాడు.

వంచి సరిచెయ్యమన్నాను. ఇనుమే కదా, సందులో కమ్మీ పెట్టి గుంజితే వస్తుంది, సైకిలు షాపుల్లో అందరూ చేసేది అదే, ఎవరికి తెలుస్తుంది అన్నాను. చేసినదాన్ని పాడు చేసుకోవడం నాకు చేతకాదు, వంకరదైనా పనికి తెచ్చుకోవాలంటాను నేను.

“వంచి పాస్ చేసుడు నా బల్ల మీద లేదక్కా. వంచిన ఇనుము యాది మర్వదు. మల్ల ఏ గుంతల్నో దాని పాత జాగకు పోతది. సారు మల్ల పడతడు.”

“ఏడుంది భాయ్ నీ బల్ల? ఆ గేటుకు తాళం పడి ఎన్నేండ్లయింది? లేని బల్ల కోసం ఉన్న బతుకు చెడగొట్టుకుంటవా?”

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. ఏదో దూరం నుంచి వచ్చిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూశాడు. “పొయ్యి మీద రొట్టె మాడుతుంది పో అక్కా” అన్నాడు. నిజంగానే మాడు వాసన వస్తున్నది. నేను లోపలికి వచ్చేశాను. ఆ తర్వాత పెడలు చప్పుడు వినబడలేదు.

తెల్లారి నేను వాకిలి ఊడ్చడానికి వచ్చేసరికి షట్టరు పైకి ఎత్తి ఉంది. ఆయన లేడు. సైకిలు సామానంతా విప్పి, తుడిచి, పాత దుప్పటి మీద వరుసగా పెట్టి ఉంది. మీటలు ఒక పక్క, వంగిన ఇనుప చెయ్యి ఒక పక్క, చైను చుట్ట చుట్టి. సారు వస్తే తీసుకుపోవడానికి వీలుగా. వెనక చక్రం మాత్రం ఫ్రేముకే ఉంది, కొక్కెంలో గేజు బిగించి అట్లాగే వదిలాడు. నేను దాన్ని చేత్తో తిప్పి చూశాను. కింద ముల్లు చక్రానికి ఆనింది. పైకి వచ్చేసరికి సందులో నా వేలు దూరింది. ఆకుపచ్చ చుక్క మీది నుంచి వెనక గొట్టం పొడుగునా ఎర్రగీత ఉంది. ఒకే గీత, ఎక్కడా ఆగలేదు. మేకు మీద నీలం బట్టల కవరు లేదు. నీలం చొక్కా వేసుకుని మొదటి బస్సు ఎక్కాడని పాలు పోసే ఆమె చెప్పింది. గీత ఇంకా తడిగానే ఉంది. బండ మీద ఎర్ర డబ్బా మూత తీసి ఉంది, ఎండిపోతుందని మూత పెట్టాను.